ఎడమ పక్క గొంతు

వెంకటగిరియప్ప నడిపే లారీ అరవై దాటదు. కాలు నేలకు అదిమి తొక్కినా అరవయ్యే, వెనక అంబులెన్సు గొంతు చించుకున్నా అరవయ్యే. కంపెనీ వాళ్లు ఇంజనుకు స్పీడ్ గవర్నర్ బిగించి సీలు వేశారు. ఎద్దుకు ముక్కుతాడు వేసినట్టే లెక్క.

రోడ్డు తిన్నగా పోతున్నంతసేపు అరవైతో ఏ ఇబ్బందీ లేదు. పక్క రోడ్డు వచ్చి కలిసే చోటే చిక్కంతా. ఎలక్ట్రానిక్ సిటీ దాటాక సర్వీస్ రోడ్డు నుంచి కార్లు, కంపెనీ బస్సులు, నీళ్ల ట్యాంకర్లు ఎడమ వైపుగా వచ్చి మెయిన్ రోడ్డులో దూరతాయి. వేరే బండి అయితే ఒక్క తొక్కు తొక్కి వాటికంటే ముందే పోవచ్చు. ఈ లారీకి ఆ తొక్కు లేదు. కుడికి జరుగుదామంటే అక్కడ వంద మీద పోయే బాబులు లైట్లు కొట్టి తిట్టిపోస్తారు. పైగా డ్రైవరు కూర్చునేది కుడి పక్క. ఎడమ నుంచి వచ్చే బండి అద్దంలో కనబడీ కనబడకుండా ఉంటుంది. దీనికి పెద్ద చదువుల వాళ్లు ఏ ఉపాయం చెబుతారో గానీ, వెంకటగిరియప్పకు ఉన్న ఉపాయం ఓబులేష్ ఒక్కడే.

ఓబులేష్ ఆయన క్లీనర్. క్లీనర్ అంటే కుర్రాడనుకునేరు, డ్రైవరు కంటే రెండేళ్లు పెద్ద. ముళబాగిలు దగ్గర ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు. ఇరవై రెండేళ్లు ఒకే కేబిన్లో తిన్నారు, పడుకున్నారు, పోట్లాడుకున్నారు. ఎడమ కిటికీకి మోచెయ్యి ఆనించి కూర్చుని, రోడ్లు కలిసే చోటు ఇంకా దూరంలో ఉండగానే ఓబులేష్ మొదలుపెట్టేవాడు.

"బండి ఉండాదప్పా... వస్తాండాది... కాలు తియ్యి... పోనీ, పోనీ... రైట్!"

రైట్ అంటూ తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ దెబ్బలు వినబడ్డాకే వెంకటగిరియప్ప మళ్లీ కాలు మోపేవాడు. ఒక్కోసారి ఓబులేష్ చెయ్యి బయటికి చాపి వచ్చేవాణ్ని ఆపేవాడు కూడా. ఇండికేటరును పూచికపుల్లలా తీసిపారేసే బెంగళూరు జనం చేతి మాట మాత్రం వింటారు. గవర్నర్ బిగించిన రోజు డ్రైవరు మొహం మాడ్చుకుని కూర్చుంటే, "ఉరికే బలం పోతే పోనీలేప్పా, నిలిచే బలం ఉండాది గదా. దాంతోనే నెట్టుకొద్దాం" అన్నది ఓబులేషే.

తర్వాత కంపెనీ కేబిన్లో రెండో మనిషి ఉండకూడదని రూలు పెట్టింది. కెమెరా ఉండగా క్లీనరెందుకు అంది. కెమెరాకు కళ్లున్నాయి, చెయ్యేది? అడిగే నాథుడు లేడు. ఓబులేష్ సంచి సర్దుకుని ఊరికి పోయాడు. నాలుగు నెలలకు కామెర్లు ముదిరి చనిపోయాడు. కబురు అందేసరికి వెంకటగిరియప్ప లోడుతో హోసూరులో ఉన్నాడు. లోడు దింపి, బస్సు పట్టుకుని పోయేసరికి మట్టి చేసేశారు. మొహం చూడలేదు. చూడలేదు కాబట్టి ఆయన మనసు ఆ మాటను పూర్తిగా నమ్మనూ లేదు.

మొన్న మంగళవారం పొద్దున్నే కాడుగోడిలోని కంపెనీ ఆఫీసుకు రమ్మని నళిని ఫోను చేసింది. లారీల కెమెరాల్లో రికార్డయినదంతా చూసేది ఆమే. పాత బెంగళూరు పిల్ల, మాట మెత్తన, పని గట్టి.

"అన్నా, బండిలో ఎవురిని ఎక్కించుకుంటా ఉండావు?"

"ఎవురినీ లేదమ్మా."

"అబద్ధం చెప్పద్దన్నా. వినుకో."

ఆ కెమెరా చూపు రోడ్డు మీద. చెవి మాత్రం కేబిన్లో. కంప్యూటరులోంచి ముందు ఇంజను రొద, ఆ వెనకే సన్నటి ముక్కు గొంతు వచ్చింది.

"బండి ఉండాదప్పా... వస్తాండాది..."

"చూసినాలే," అంది ఒక బొంగురు గొంతు.

"ఏం చూసినావు, నీ మొగం! కాలు తియ్యి... పోనీ, పోనీ... రైట్!"

రేకు మీద రెండు దెబ్బలు.

వెంకటగిరియప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంకొకసారి వెయ్యమ్మా," అన్నాడు.

"ఇదేమన్నా పాటనా అన్నా?" నళిని విసుక్కుంది. "వారం దినాల రికార్డింగ్ విన్నాను. రోడ్డు కలిసే ప్రతి చోటా ఈ మనిషి మాట్లాడతాడు. బయటి మనిషిని ఎక్కించినట్టు తేలితే ఈపొద్దే బీగం ఇచ్చేయాల. చెప్పు, ఎవురాయన?"

లారీ తాళం వెంకటగిరియప్ప గుప్పిట్లోనే ఉంది. యాభై ఆరేళ్ల వాడికి ఇంకొకరు బండి ఇవ్వరు. భార్య పోయి ఆరేళ్లు. కాడుగోడి సంత వెనక ఒంటి గది. ఆ గదిలో ఆయన నోరు తెరిచేది అన్నం తినడానికే. ఈ లోకంలో ఆయన మాట్లాడే చోటంటూ ఉంటే అది ఆ కేబినే. అదీ పోతే మాటే పోతుంది.

"అది నేనేనమ్మా," అన్నాడు. "రెండు గొంతులూ నావే."

నళిని నమ్మలేదు. నమ్మమని బతిమాలేకంటే చేసి చూపడమే నయమనుకున్నాడు. కుర్చీలో సర్దుకుని, కళ్లు మూసుకుని, కుడి పాదం గచ్చుకు ఆనించాడు. ముక్కు గొంతు మొదలైంది. బండి ఉండాదప్పా. వస్తాండాది. కాలు తియ్యి. గచ్చు మీది కాలు నిజంగానే లేచింది. పోనీ, పోనీ. రైట్. కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు వేసుకుని, కాలు దించాడు. పక్క బల్లల దగ్గర టైపు కొట్టేవాళ్లు కొట్టడం మానేశారు.

"ఇది నీ పాత క్లీనరు గొంతు గదా? ఆయన ఇప్పుడు యాడ ఉండాడన్నా?" నళిని గొంతు తగ్గించి అడిగింది.

"లేడమ్మా."

నోరు తెరిచి ఆ మాట అనడం ఆయనకు అదే మొదలు.

నళిని రికార్డింగ్ ఆపేసింది. తర్వాత ఒక కాగితం తీసి రాసింది. "నా మీద బేజారు చేసుకోవద్దన్నా. పైవాళ్లకు చూపించాల. సంతకం పెడితే బండి నీదే."

కాగితం మీద రెండే వాక్యాలు. నా లారీ కేబిన్లో నేను ఒక్కడినే ఉంటున్నాను. రెండో మనిషి ఎవరూ లేరు. వెంకటగిరియప్ప వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. మట్టి వేసే భాగ్యం దక్కలేదని ఇన్నాళ్లూ కుమిలిపోయినవాడికి ఆ పని కాడుగోడి ఆఫీసులో, ఫ్యాను కింద చేయాల్సి వచ్చింది. పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం బిస్కెట్ల లోడుతో హోసూరు బయలుదేరాడు. ఎలక్ట్రానిక్ సిటీ దాటాడు. సర్వీస్ రోడ్డు దగ్గరపడింది. ఎడమ అద్దంలో ఒక తెల్ల బస్సు దోబూచులాడుతోంది. వెంకటగిరియప్ప నోరు తెరిచాడు. ముక్కు గొంతు రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ చూశాడు. దగ్గు వచ్చింది, అంతే. లేడని రాసిచ్చిన నోటితో ఉన్నాడని పలకడం ఆయన చేత కాలేదు.

అలవాటు కొద్దీ కాలు మాత్రం లేచింది. యాభై. నలభై ఐదు. లారీ ముందు చోటు పడింది. బస్సు వచ్చి అందులో చేరింది. దాని డ్రైవరు కిటికీలోంచి చెయ్యెత్తి సలాము చెప్పి, వేగం పెంచి వెళ్లిపోయాడు.

ముందు రోడ్డంతా ఖాళీ. నలభై. ముప్పై. లేచిన కాలు లేచినట్టే ఉంది. తలుపు మీద రెండు దెబ్బలు పడలేదు మరి. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో కుడి నుంచి దాటుతూ కన్నడంలో తిట్టాడు. ఇరవై. రైట్ అనడం ఓబులేష్ ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా మరవలేదు. ఇక ఎన్నటికీ అనడు. అది తెలిసి వెంకటగిరియప్పకు ఏడుపు ముంచుకొచ్చింది. స్టీరింగు వదలకుండానే, తువ్వాలు కూడా వెతుక్కోకుండా ఏడ్చాడు. ఎడమ సీటులో అన్నం డబ్బా బోర్లాపడి దొర్లుతోంది.

"రైటప్పా," అన్నాడు చివరికి, తన బొంగురు గొంతుతోనే.

కాలు మోపాడు. లోడు బండి, అరవై అందుకోవడానికి చాలాసేపు పట్టింది.