అరువు కళ్ళు

"అవైనా ఈ ఇంట్లో ఉండాలి, నేనైనా ఉండాలి," అంది నానమ్మ, మూడోరోజు కూడా.

"గాజువమ్మా అవి," అన్నాడు నాన్న పేపరు దించకుండా.

"గాజువైతే మాత్రం? నేనెటు తిరిగితే అటు తిరుగుతున్నాయి."

"మూత పెట్టేసింది కదా నీ కోడలు."

"మూత పెట్టాకే ఎక్కువ చూస్తున్నాయి."

నాకు నవ్వాగలేదు. నానమ్మ నన్ను కూడా గుర్రుగా చూసింది. అసలు జరిగిందేమిటంటే, నాన్న చొక్కాకి బొత్తాం ఊడింది. కుట్టిపెడదామని నానమ్మ అమ్మ బీరువాలోంచి ఒక చిన్న రేకు డబ్బా తీసింది. బొత్తాలుంటాయనుకుని మూత తీస్తే, దూది మీద రెండు ముదురు గోధుమరంగు కళ్ళు ఆవిడనే చూస్తున్నాయి. డబ్బా ఒక మూలకి, నానమ్మ ఒక మూలకి. ఆ కేకకి పక్కవాటా వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

అమ్మ ముందు కళ్ళు ఏరుకుంది. ఆ తర్వాతే నానమ్మని లేపింది. నానమ్మ అసలు కోపం అదీ. "నేను నేలమీద పడుంటే, అవి పగిలాయేమోనని తన బెంగ," అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకుంటోంది.

"ఇంతకీ ఎవరి కళ్ళమ్మా అవి?" అని అడిగాను.

"నీటిపిల్లివి," అంది అమ్మ బీన్స్ తరుగుతూ. పక్కింటావిడవి అన్నంత మామూలుగా అంది.

నేను పుట్టకముందు అమ్మ మా ఊళ్ళోనే ఉన్న పాత మ్యూజియంలో పనిచేసేదని తెలుసు. చచ్చిపోయిన పక్షుల్నీ జంతువుల్నీ చెడిపోకుండా చేసి, బతికున్నట్టు నిలబెట్టే గదిలో ఆమె ఉద్యోగం. ఇంట్లో ఆ మాట రాదు. ఎప్పుడైనా వస్తే నానమ్మ "ఆ చచ్చినవాటి ఆఫీసు" అనేది, నాన్న మాట మార్చేవాడు. బస్సు మ్యూజియం ముందునుంచి వెళ్తున్నప్పుడు అమ్మ ఎప్పుడూ అవతలి కిటికీలోంచి చూసేది. అవతల చూడ్డానికి పెట్రోలు బంకు తప్ప ఏమీ లేదు.

నా చిన్నప్పుడు బడివాళ్ళు మమ్మల్ని ఆ మ్యూజియానికి తీసుకెళ్ళారు. ఇంటికొచ్చి అమ్మకి పసుపుకళ్ళ నీటిపిల్లి గురించి చెప్పాను. ఎవర్నో తిట్టబోతున్నట్టు కోపంగా ఉండేది. పిల్లలందరం దాన్ని "టీచరు" అని పిలుచుకున్నాం. అమ్మ అంతా విని, "పక్క అద్దాలపెట్టెలో గుడ్లగూబ ఉందా?" అని అడిగింది.

"లేదు. ఉత్త కొమ్మే ఉంది."

అమ్మ సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. అదెందుకో ఇన్నేళ్ళూ నాకు గుర్తుండిపోయింది.

చివరికి నాన్నే తీర్పు చెప్పాడు. "మ్యూజియం వస్తువు మ్యూజియానికి చేరాల్సిందే కదా. వెళ్ళి ఇచ్చేసి రా. గొడవ తీరిపోతుంది."

అమ్మ చేతిలో కత్తి ఆగింది. "ఇచ్చేసి రమ్మంటారా?"

"మరేం చేసుకుంటావు వాటిని?"

అమ్మ మళ్ళీ బీన్స్ తరగడం మొదలుపెట్టింది. నానమ్మ మాత్రం ఆ పూట కొసరి కొసరి వడ్డించుకు తింది.

శనివారం నాకు సెలవు కాబట్టి నేనూ వెళ్ళాను. ఒక డబ్బా ఇచ్చి రావడానికి అమ్మ రెండుసార్లు బట్టలు మార్చుకుంది. జడ వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంది. డబ్బాని చేతిరుమాల్లో చుట్టి, సంచిలో పెట్టి, బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద ఉంచింది.

"మనింటికెలా వచ్చాయమ్మా ఇవి?" అన్నాను.

అమ్మ చెప్పింది. అప్పట్లో మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నారు. నీటిపిల్లిని సిద్ధం చేశారు గానీ దానికి సరిపోయే కళ్ళు రాలేదు. అవి పైఊరినుంచి ఎక్కడినుంచో రావాలి. చూడ్డానికి పెద్దవాళ్ళొచ్చే రోజు దగ్గరపడింది. అమ్మ పనిచేసే గదికి పెద్ద, అందరూ మాస్టారనే ఆయన. ఆయన చిన్న గుడ్లగూబ కళ్ళు కొలిచి చూసి, కొలత సరిపోయిందన్నారు. "దాన్నడిగి అరువు తీసుకుందాం, దీని కళ్ళు రాగానే ఎవరివి వాళ్ళకిచ్చేద్దాం," అన్నారట. గుడ్లగూబ కళ్ళు తీసి నీటిపిల్లికి పెట్టింది అమ్మే. గుడ్లగూబని గుడ్డలో చుట్టి లోపల పెట్టారు.

"అప్పటికే నువ్వు కడుపులో ఉన్నావు. ఆ కళ్ళ పార్సిలొచ్చేసరికి నువ్వు నా ఒళ్ళో ఉన్నావు. మాస్టారు నిన్ను చూడ్డానికి మనింటికొచ్చారు. ఒక చేతిలో ఆపిల్సు, ఒక చేతిలో ఈ డబ్బా. 'నా చెయ్యి వణుకుతోంది, ఇవి నీ దగ్గరే ఉంచు, నువ్వొచ్చి పెడుదువుగాని' అన్నారు."

"మరి వెళ్ళలేదేం?"

అమ్మ కిటికీలోంచి చూస్తూ, లెక్క అప్పజెబుతున్నట్టు చెప్పింది. "నీకు పళ్ళొచ్చాయి. జ్వరాలొచ్చాయి. తర్వాత నానమ్మకి మోకాలు. మీ నాన్నకి రాత్రి డ్యూటీలు. ఈలోగా మాస్టారు పోయారు." సంచి సర్దుకుని, "నన్నెవరూ వెళ్ళొద్దనలేదే. వెళ్ళమనీ ఎవరూ అనలేదు," అంది.

బస్సు మలుపు తిరిగింది. ఆ రోజు అమ్మ మ్యూజియం వైపు కిటికీ దగ్గరే కూర్చుంది.

లోపల ఏమీ మారినట్టు లేదు. కలరా ఉండల వాసన, నడిస్తే కిర్రుమనే చెక్క నేల, అద్దం మూతల సొరుగుల్లో దూదిమీద పక్షి గుడ్లు, ఎండ తగలకుండా వాటిమీద కప్పిన తోలు ముక్కలు. మెట్లదగ్గర ఒక పెద్ద చేప ఎముకలగూడు తీగలమీద వేలాడుతోంది. అమ్మ నాకంటే ముందు నడుస్తోంది. ఏ పలక కిర్రుమంటుందో తెలిసినట్టు, దాన్ని తప్పించి అడుగేస్తోంది.

నీటిపిల్లి అక్కడే ఉంది. దాని ముందు ఒక తండ్రి చిన్న కూతుర్ని ఎత్తుకుని నిలబడ్డాడు.

"దీనికెందుకు నాన్నా కోపం?"

"కోపం కాదురా. రాత్రిళ్ళు నీళ్ళలో చేపలు కనిపించాలిగా, అందుకే దానికలాంటి కళ్ళు."

అమ్మ వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, అద్దం దగ్గరికి వంగింది. పక్కపెట్టెలో కొమ్మ ఒక్కటే ఉంది. దాని వెనక గోడమీద గీసిన సాయంత్రపు ఆకాశం వెలిసిపోయింది.

"కన్ను కాస్త ముందుకి తిప్పితే వింటున్నట్టుంటుంది," అంది మెల్లగా. "కాస్త పైకి పోయిందో, చచ్చినట్టుంటుంది. మాస్టారు నాతో పన్నెండుసార్లు తీయించి పెట్టించారు దీన్ని. వింటున్నట్టే ఉంది కదూ? పాపం, రంగే తప్పు."

ఆఫీసు గదిలో ఇన్‌చార్జి మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. నాకంటే ఓ పదేళ్ళు పెద్దదై ఉంటుంది. విషయమంతా విని, డబ్బా తెరిచి చూసి, "అయ్యో, ఎంత బాగున్నాయండీ!" అంది. "ఇక్కడ పెట్టేసి వెళ్ళండి. చేసేవాళ్ళు దొరికినప్పుడు పెట్టిస్తాను. నిజం చెప్పాలంటే ఎక్కడ వెతికినా దొరకట్లేదు. అటు పక్షులన్నిటికీ పురుగు పడుతోంది."

అమ్మ డబ్బామీది చెయ్యి తీయలేదు.

అప్పుడే తలుపు దగ్గర్నుంచి, "ఎవరూ, అమ్మాయా?" అని ఒక గొంతు వినిపించింది. మ్యూజియం వడ్రంగి. అద్దాలపెట్టెలన్నీ ఆయన చేతిలో పుట్టినవే. బాగా ముసలివాడయిపోయాడు, చెవి వెనక పెన్సిలు మాత్రం అలాగే ఉందని అమ్మ తర్వాత చెప్పింది.

"బాబాయ్!" అంది అమ్మ.

"పురిటికి వెళ్ళినమనిషివి ఇప్పుడా రావడం? ఎంతమందిని కన్నావేంటి?"

"ఇదొక్కతే బాబాయ్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దీనికోసమా మమ్మల్ని ఇన్నాళ్ళు కూర్చోబెట్టావు?" అని నవ్వి, "నీదొకటి నా దగ్గరుంది, రా," అంటూ నడిచాడు.

వెనకగదిలో ఆయన పనిముట్ల బీరువా పైఅరలో ఒక గుడ్డమూట ఉంది. విప్పాడు. గుప్పెడంత గుడ్లగూబ. రెక్కలు, గోళ్ళు, చెవుల దగ్గరి సన్న ఈకలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కళ్ళుండాల్సిన చోట రెండు దూది ఉండలు. నిద్రలో లేపితే మొహమెటు పెట్టాలో తెలియని పిల్లలా ఉంది.

"పురుగు పడకుండా నేనే చూసుకుంటున్నా. సామాను తగ్గించండని ఎన్నిసార్లన్నారో. కళ్ళరువిచ్చినదాన్ని పారేస్తామా?"

అమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలి గోటి వెనకవైపుతో తల మీది ఈకల్ని ఒక్కొక్క వరసే సర్దింది. నన్ను నిద్రపుచ్చేటప్పుడు అమ్మ చెయ్యి సరిగ్గా అలాగే కదిలేది. నాకోసం పుట్టిన అలవాటనుకున్నాను. దాన్ని ఇక్కడ, నాకంటే ముందు, ఇలాంటివాటి మీద నేర్చుకుందన్నమాట. కాస్త ఈర్ష్యగా అనిపించింది. ఆ తర్వాత, ఇన్నేళ్ళూ ఈ చేతులు మా ఇంట్లో ఏం వెతుక్కున్నాయోనని బెంగగా అనిపించింది.

"ఈ రోజే పెట్టేస్తారా?" అని అడిగింది మా వెనకే వచ్చిన ఇన్‌చార్జి, ఆశగా.

"ఒక పూటలో అయ్యేది కాదండీ. నీటిపిల్లి రెప్పలకి తడిదూది పెట్టి నాననివ్వాలి. లోపలి మట్టి మెత్తబడితేనే కన్ను కదులుతుంది. తొందరపడితే రెప్ప చిరుగుతుంది. అవి తీసి శుభ్రం చేసి దీనికి పెట్టాలి, ఇవి దానికి పెట్టాలి." అమ్మ చేతిలోని గుడ్లగూబని తిప్పి చూసి, "ఇక్కడ తోక దగ్గర కుట్టు వదులైంది, అది కూడా," అంది.

"వారానికి మూడు రోజులొస్తారా? ఇవే కాదు, పక్షులన్నీ చూడాలి. మీలాంటివాళ్ళకి ఇంత అని ఇస్తాం, పెద్ద మొత్తం కాదుగానీ," అని, అమ్మ మొహం చూసి మర్యాదగా, "ఇంట్లో అడిగి చెప్పండి, తొందరేం లేదు," అంది.

అమ్మ గుడ్లగూబని గుడ్డలో చుట్టి బాబాయికి ఇచ్చింది. డబ్బాని చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఇంట్లో చెప్పి వస్తానండీ," అంది.

తిరుగుబస్సులో అమ్మ గోళ్ళలో ఇరుక్కున్న చిన్న ఈకముక్కని తీసి పారేయకుండా, వేళ్ళమధ్య తిప్పుతూ కూర్చుంది.

గుమ్మంలోనే నానమ్మ అడిగింది. "వదిలించుకొచ్చావా?"

"ముందు కాళ్ళు కడుక్కోనివ్వండి అత్తయ్యా."

రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. నాన్న ఆఫీసులో ఎవరి బదిలీ గురించో చెబుతున్నాడు. నానమ్మ మధ్యమధ్యలో బీరువా వైపు చూస్తోంది. అమ్మ అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, ఒక ముద్ద తిని, నీళ్ళు తాగింది.

"సోమవారం నుంచి వారానికి మూడు రోజులు నేను మ్యూజియానికి వెళ్తున్నాను," అంది. గొంతు పెంచలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పటి గొంతే.

నాన్న మాట ఆగిపోయింది. "ఇచ్చేసి రమ్మంటే..."

"ఇవ్వడానికే వెళ్తున్నాను. కాస్త టైము పడుతుంది."

"ఎంత?" అన్నాడు నాన్న.

"అక్కడ చాలా పక్షులున్నాయి." అమ్మ కూర గిన్నె నాన్న వైపు జరిపింది. "కూర చేసే వెళ్తాను. అన్నం మీలో ఎవరో ఒకరు పెట్టుకోండి. మోకాలికి రాసే మందు కిటికీలో ఉంటుంది అత్తయ్యా, మీకందేచోటే పెడతాను."

నానమ్మ నాన్నని చూసింది. నాన్న నన్ను చూశాడు. నేను నా కంచంలోకి చూసుకున్నాను.

"మరి ఆ డబ్బా?" అంది నానమ్మ, మామూలు గొంతుతో.

"నాతోపాటే వస్తుంది," అంది అమ్మ.