తొమ్మిదో నంబరు కథ

"ఆఖరు సరిగ్గా కుదర్లేదు నోలీ, నువ్వు కాస్త చూసుకో," అంటూ కెవ్ తన కథ కాగితాల కట్టను ఇస్త్రీ బల్ల మీద పడేసి తన ట్రాక్టర్ల కొట్టుకి వెళ్ళిపోయాడు. నోలీన్ మొగుడి చొక్కా సగమే ఇస్త్రీ చేసింది. ప్రతి ఏడూ ఇదే కట్ట, ఇదే మాట.

ఊరవతల గొర్రెల మేతభూముల మధ్య పెద్ద డిష్ యాంటెన్నా ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళూ, దాన్ని చూస్తూ పెరిగినవాళ్ళూ కలిసి సైన్స్ ఫిక్షన్ క్లబ్బు పెట్టుకున్నారు. గ్రహాంతరవాసుల గురించి, నిజంగా ఎగిరే నౌకల గురించి ఒకే ఊపులో మాట్లాడుకునే మనుషులు. ఏడాదికోసారి కథల పోటీ. చేతిరాత గుర్తుపట్టకుండా కథలన్నీ ఒకే మిషను మీద టైపు చేయించి, పేర్లు తీసేసి, నంబర్లు వేసి చదువుతారు. పద్నాలుగేళ్ళుగా ఆ టైపు పని నోలీన్‌దే. ఎవరి కథ ఏదో ఆమెకు తెలుసు కాబట్టి ఆమె రాయకూడదని రూలేమీ లేదు. రాస్తుందని ఎవరికీ తోచలేదు, అంతే. "నీ వేళ్ళకి మంచి పని దొరికిందమ్మాయ్, బుర్రకి శ్రమ లేదు," అని అత్తగారు మెచ్చుకుంది కూడా.

ఈ ఏడు పోటీ మామూలు పోటీ కాదు. పన్నెండేళ్ళ కిందట బయల్దేరిన అంతరిక్ష నౌక ఆగస్టు ఆఖర్లో నెప్ట్యూన్ పక్కనుంచి పోబోతోంది. ఆ రోజు దాని సంకేతాలు అందుకునే యాంటెన్నా కంట్రోల్ రూములో కూర్చోడానికి క్లబ్బుకి ఒక్క కుర్చీ ఇచ్చారు. మొదటి బహుమతి వచ్చిన కథ ఎవరిదైతే వాళ్ళకే ఆ కుర్చీ. ఆరుసార్లు గెలిచిన కెవ్, తనకే వస్తుందని పబ్బులో అప్పుడే అందరికీ చెప్పేశాడు. నోలీన్‌కి ఆ కుర్చీ ఎంత కావాలో అతను ఎన్నడూ అడగలేదు.

చొక్కా పక్కన పెట్టి ఆమె మిషను ముందు కూర్చుంది. అన్నికె కథ తీసింది. అన్నికె మార్చిలో యాంటెన్నా దగ్గర ఇంజనీరుగా చేరిన పిల్ల, ఇరవయ్యారేళ్ళది. క్లబ్బుకి వచ్చే ఆడవాళ్ళు తలా ఒక పళ్ళెం నిండా తినుబండారాలు తేవాలి, అది అక్కడి పద్ధతి. ఆ పిల్ల మొదటిరోజే చేతులూపుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చుంది. "ఇంజనీరమ్మకి తీరికెక్కడిదిలే," అని అధ్యక్షుడు మెర్వ్ నవ్వేశాడు. వంటగది కిటికీలోంచి టీ కప్పులు అందిస్తూ నోలీన్ అదంతా చూసింది. ఎప్పుడో ఒకసారి తను ఆ కిటికీలోంచే ఒక కథ గురించి నాలుగు ముక్కలు మాట్లాడబోతే, ఆమె చేసిన తియ్య బన్నులు నములుతూ "స్కోన్లు బ్రహ్మాండం నోలీన్!" అన్నాడీ మెర్వే. ఈ పిల్ల నోరు విప్పితే మాత్రం గది గదంతా చెవులు రిక్కించేది. చూసి ఓర్చుకోలేకపోయింది నోలీన్. ఆ పిల్ల చదువు చూసి, జీతం చూసి, ఆఖరికి కాళ్ళు చాపుకుని కూర్చునే తీరు చూసి కూడా ఒళ్ళు మండేది.

కథైనా బాగోలేకపోతుందా అనుకుంది. బాగుంది. ఒక నౌక చెప్పేది వినడమే ఉద్యోగంగా బతికిన ఆడమనిషి కథ. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: "ఆమె వినడం మానేసిన రోజున కూడా నౌక మాట్లాడటం మానలేదు." నోలీన్ ఆ వాక్యం వదిలేసి కింది వాక్యం టైపు చేసింది. ఎవరికి తెలుస్తుంది? టైపులో ఒక లైను జారిపోవడం వింతేమీ కాదు.

కాగితం మిషనులోంచి లాగి చదువుకుంది. కథ చచ్చిపోయింది. ఆ ఒక్క వాక్యం తీసేస్తే మిగిలిందంతా పొట్టే. అన్నింట్లోకీ సరిగ్గా దాన్నే ఎలా పట్టుకోగలిగాను అని తనకే ఆశ్చర్యమేసింది. ఎందుకు పట్టుకోలేను, కెవ్ ఆరు బహుమతి కథల్లోనూ అలాంటి వాక్యాలు పెట్టింది తనే కదా! బంగాళాదుంపలు తొక్కతీస్తూ ఆలోచించి, అతని పేరు మీద పెట్టింది. మెర్వ్ అవి పైకి చదివినప్పుడల్లా అందరూ చప్పట్లు కొడుతుంటే కెవ్ లేచి వంగి దణ్ణాలు పెట్టేవాడు. నిజానికి అన్నికె కంటే ముందు ఆమెకు కుళ్ళు పుట్టింది ఆ దణ్ణాలు చూసే. ఆ సంగతి ఇన్నేళ్ళూ తనకు తానే చెప్పుకోలేదు.

కొత్త కాగితం ఎక్కించి అన్నికె కథ ఒక్క అక్షరం పోకుండా కొట్టింది. తర్వాత కెవ్ కథ, అది కూడా ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది. ఆ తర్వాత రెండు వారాలు ఇస్త్రీ మానేసింది.

పోటీ ఆదివారం మధ్యాహ్నం. మెర్వ్ ఐదో నంబరు చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీలో చచ్చిపోయిన కెప్టెన్ ఐదో పేజీలో బీరు తాగేసరికి హాలంతా పగలబడి నవ్వింది. "బీరు అంత మంచిదన్నమాట, శవం లేచొచ్చింది!" అన్నాడెవరో. కెవ్ మొహం కందగడ్డ అయింది. వంటగదిలో నోలీన్‌కి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

చేతులెత్తించి లెక్కపెట్టారు. మూడో నంబరు, అన్నికెది, మొదటిది. రెండు చేతుల తేడాతో తొమ్మిదో నంబరు రెండోది.

"నేనా రోజు డ్యూటీలోనే ఉంటాను, నాకు వేరే కుర్చీ ఎందుకు? రెండో కథకి ఇవ్వండి," అంది అన్నికె.

"తొమ్మిది ఎవరిదయ్యా?" అన్నాడు మెర్వ్.

"నాది," అంది నోలీన్, కిటికీలోంచి.

కెవ్ కుర్చీలో గిర్రున తిరిగాడు. "నీదా? నువ్వెప్పుడు రాశావ్? నీకు టైమెక్కడిది?"

"నువ్విచ్చింది ఉన్నదున్నట్టు టైపు చేస్తే బోలెడు టైము మిగిలింది కెవ్."

మెర్వ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నోలీన్ ఏప్రను విప్పింది గాని అడుగు పడలేదు. ఆ పిల్ల వద్దనుకున్న కుర్చీ. గెలిచి వదిలేసిన కుర్చీలో కూర్చోవడం కంటే వెళ్ళకపోవడమే నయం. వద్దని చెప్పేద్దామని నోరు తెరవబోయింది.

ఈలోగా అన్నికె లేచి వంటగదిలోకి వచ్చింది. చేతిలో మెర్వ్ దగ్గర తీసుకున్న తొమ్మిదో కథ కాగితాలు నలిగి ఉన్నాయి.

"ఒక మాట చెప్తాను, తిట్టకండి," అంది గొంతు తగ్గించి. "మీ కథ ఆఖరి పేజీ చదువుతుంటే విని, ఇది నాకెందుకు తట్టలేదని ఏడుపొచ్చినంత పనైంది. ఓటెయ్యడానికి చెయ్యి ఎత్తలేదు. నా చెయ్యి నేనే పట్టుకుని కూర్చున్నాను."

నోలీన్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఎర్రబడ్డ చెవులు, బిగిసిన దవడ. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. నలభై ఏడేళ్ళలో తనను చూసి ఒకరు కుళ్ళుకోవడం ఇదే మొదటిసారి.

"ఆ రోజు ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.