ఔటంటే ఔటే

సకల జనుల సమ్మెకు మూడు వారాలు నిండాయి. తెలంగాణ వచ్చేదాకా బొగ్గుబాయి దిగేది లేదని కార్మికులు, పాఠం చెప్పేది లేదని పంతుళ్లు ఒక్క మాట మీద ఉన్నారు. మొదటి షిఫ్టు లేదు, రెండో షిఫ్టు లేదు, బడిగంట అంతకన్నా లేదు. పొద్దున ధర్నాకు పోయివచ్చిన తండ్రులు మధ్యాహ్నానికి ఏమీ తోచక, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ మైదానంలో ముగ్గుపిండితో గీతలు గీసి, అటొక గుంజ ఇటొక గుంజ పాతి, పిల్లలకు ఖోఖో పందెం పెట్టారు. పై లైను క్వార్టర్ల పిల్లలకూ కింది లైను పిల్లలకూ పోటీ.

కింది లైనులో అనసూర్య ఇంట్లో ఆ రోజు ఎవరికీ అన్నం సహించలేదు. ఆమె పదేళ్ల కూతురు సంతోషి జట్టులో ఉంది! జట్టు నాయకురాలు కృష్ణప్రియ, మందుల దుకాణం వీర్రాజు కూతురు, పొద్దున్నే వచ్చి తలుపు తట్టింది. "ఆంటీ, మాకొకరు తక్కువయ్యారు. సంతోషిని పంపండి. నిజం ఆటకే."

నిజం ఆట అనడానికి కారణం ఉంది. నాలుగేళ్లప్పుడు సంతోషికి నిమోనియా వచ్చి పద్దెనిమిది రోజులు దవాఖానలో ఉంది. ఆ తరువాత ఏ ఆటలోనైనా ఆమె అరటిపండే. అరటిపండంటే తెలుసు కదా, ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. ఎవరు ముట్టుకున్నా ఔట్ కాదు. అనసూర్యే వాకిట్లో పిల్లలను పిలిచి, చేతిలో పల్లీపట్టి ముక్క పెట్టి, "మా పిల్లను అరటిపండు చేయుండ్రి బిడ్డా" అని బతిమిలాడేది. ఊపిరితిత్తులు ఉక్కులా ఉన్నాయని డాక్టరు రెండేళ్ల కింద చెప్పాడు. అనసూర్య మాత్రం ఒప్పుకోలేదు.

సంతోషి తల్లి చేతిని తన నెత్తిమీద పెట్టుకుంది.

"అమ్మా, ఈసారి ఎవ్వలికి ఏం చెప్పకు. ఒట్టెయ్."

"ఒట్టు," అంది అనసూర్య.

పిల్ల జడ బిగించుకుంటుండగా ఆమె దొడ్డిదారిన పోయి ఎల్లేశాన్ని పట్టుకుంది. ఎల్లేశం బాయిలో మందు పేల్చే షాట్‌ఫైరర్. ఆ రోజు పందేనికి అంపైరు కూడా ఆయనే.

"అన్నా, ఎవలన్న మెల్లగ తాకితె జర చూడనట్టు ఉండు. ఏడ్చిందంటె ఊపిరి ఎగపోస్తది."

"ఏంది చెల్లె, ఖోఖోల గూడ అరటిపండేనా?" ఎల్లేశం చెవి గోక్కున్నాడు. "సరె పో. చూస్త... చూడనులే."

మూడు గంటలకు మైదానం జాతరైంది. గోడలమీద పిల్లలు, చెట్లమీద పిల్లలు, పీటలు తెచ్చుకుని కూర్చున్న ముసలమ్మలు. "జై తెలంగాణ!" అని ఒకడు అరిస్తే టాస్ పడింది. పై లైను పిల్లలు వెంటాడాలి, కింది లైను పిల్లలు తప్పించుకోవాలి. ఏడు నిమిషాల ఆట. ముట్టుకున్న ప్రతి మనిషికీ ఒక పాయింటు.

కృష్ణప్రియ పాములా మెలికలు తిరిగింది. అయినా నిమిషాలు గడిచేకొద్దీ ఒక్కొక్కరే రాలిపోయారు. ఆరుగురు ఔట్! చివరి ముగ్గురిలో ఒకతెగా సంతోషి గీతలోకి దూకింది.

"ఉరుకు బిడ్డా, ఉరుకు!" ఉపేందర్ తువ్వాల గాలిలో తిప్పుతూ కేక పెట్టాడు. పిల్ల తండ్రి అన్న మర్యాద మరిచి గీత దాకా వచ్చేశాడు.

సంతోషి ఉరికింది! గుంజ చుట్టూ తిరిగింది, వంగింది, ఒకణ్ణి బోల్తా కొట్టించింది. అనసూర్య తన ఊపిరి తాను బిగబట్టుకుని కూతురి ఊపిరి లెక్కపెట్టింది. అంతలో "ఖో!" అన్న కేక. కూర్చున్న రుత్విక్ లేచాడు. పై లైనులో వాడంత వేగంగా ఉరికేవాడు లేడు. మూడంగల్లో వెనకకు వచ్చి అరచేత్తో సంతోషి భుజాన్ని తాకాడు.

విజిల్ మోగలేదు.

"ఔట్! తాకిన!" రుత్విక్ అరిచాడు.

"నేను చూడలె," అన్నాడు ఎల్లేశం, ఆకాశం వైపు చూస్తూ.

"కాకా, గింత దగ్గర నిలవడి చూడలేదా? బాయిల గూడ గిట్లనే మందు పేలుస్తవా?"

మైదానం గొల్లున నవ్వింది. పై లైను పిల్లలు లేచి నిలబడ్డారు. ఎవడో అననే అన్నాడు, "అరే, ఆమె అరటిపండురా! మరిచిపోయినవా?"

సంతోషి ఆగిపోయింది. ఎల్లేశాన్ని చూడలేదు, రుత్విక్‌ను చూడలేదు. గుంపులో వెతికి వెతికి తల్లి ముఖం దగ్గర కళ్లు నిలిపింది. ఆ చూపులో కోపం ఉంటే అనసూర్య తట్టుకునేదే. కోపం లేదు. ఇది ఇంతే, ఎప్పటికీ ఇంతే అని సర్దుకుపోతున్న పెద్దమనిషి చూపు అది. పదేళ్ల పిల్లకు ఉండవలసిన చూపు కాదు.

అనసూర్య ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"ఎల్లేశమన్నా! తాకిండు! నేను చూసిన! నా బిడ్డ ఔటు!"

పక్కనే ఉన్న అత్త సారవ్వ నెత్తి కొట్టుకుంది. "ఓ నా కొడుకా, చూడు నీ పెండ్లాన్ని! కన్నతల్లి ఔటిచ్చుడు ఏ ఊళ్లె లేదు!"

విజిల్ మోగింది. ఏడో పాయింటు. సంతోషి గీత దాటి బయటికి వచ్చింది. కళ్లు నిండాయి. ఆరేళ్లలో మొదటి ఔటు మరి. మోకాళ్లమీద తల పెట్టుకుని కూర్చుంది. అనసూర్య కాళ్లు అటు లాగాయి. పక్కనున్న గుంజను గట్టిగా పట్టుకుని నిలబడింది కానీ పోలేదు. ఉపేందర్ పోబోతే తువ్వాల పట్టి లాగింది. "ఆగుండ్రి. ఏడ్వనియ్యుండ్రి."

ఏడ్చింది. ఎగపోయలేదు. గౌను అంచుతో ముక్కు తుడుచుకుని, కృష్ణప్రియ పక్కకు పోయి, "మనం వెంబడిచ్చేటప్పుడు నన్ను రుత్విక్ దిక్కు కూసోబెట్టు అక్కా," అంది.

మిగిలిన ఇద్దరూ చిక్కకముందే మొదటి సగం ముగిసింది. రెండో సగం! గెలవాలంటే ఎనిమిది కావాలి. ఒకటి... రెండు... నాలుగు! ముసలమ్మలు పీటలు వదిలి నిలబడ్డారు. ఐదు! "ఖో" అందగానే సంతోషి లేచి రుత్విక్ వెంట పడింది. గుంజ దగ్గర కాలు జారి బొక్కబోర్లా పడింది. మోకాలు గులకరాళ్లమీద గీసుకుపోయింది. "అయ్యో!" అని మైదానమంతా అంది, తల్లి తప్ప. లేచింది. కుంటుతూనే ఉరికింది. వాడు వెనక్కి చూసి నవ్వేలోగా ముందుకు దూకి వాడి చొక్కా తోక మీద చెయ్యి వేసింది.

విజిల్! ఆరు!

"అది బట్ట! మనిషి కాదు!" రుత్విక్ ఎగిరాడు.

"బట్టల మనిషే ఉన్నడు, పో బయటికి!" ఎల్లేశం ఈసారి కళ్లు రెండూ పెద్దవి చేసి చూశాడు.

కానీ ఏడు నిమిషాలు అయిపోయాయి. ఏడు, ఆరు. కింది లైను ఒక్క పాయింటుతో ఓడిపోయింది. పై లైను పిల్లలు ఎగిరెగిరి దుమ్ము లేపారు. కింది లైనులో ఒక పిల్ల సంతోషి మీదికి వచ్చింది. "మీ అమ్మ నోరు మూసుకుంటె బరాబరయ్యేది!"

"తాకిండు కదనే," అంది సంతోషి రక్తం కారుతున్న మోకాలి మీద మట్టి దులుపుకుంటూ. "ఔటంటే ఔటే. రేపు నువ్వు గూడ సక్కగ ఉరుకు."

"రేపా?" రుత్విక్ ఇటు తిరిగాడు.

"రేపు గూడ బడి లేదు కద! భయమైతుందా?"

"నాకా? మీ ఎల్లేశం కాక అంపైరైతె నేను రాను. ఆకాశం చూస్తడు."

"నేనూ రాను," అంది సంతోషి వెంటనే.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత ఒక్కసారే అనసూర్య వైపు తిరిగారు. రుత్విక్ పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, నువ్వే ఉండు! సొంత బిడ్డనే ఔటిచ్చినవ్, మాకు అన్యాలం చేస్తవా!"

"నాకేం తెలుసురా మీ ఆట? నాకు రూల్సు రావు!"

"మేం చెప్తం!" రెండు లైన్ల పిల్లలూ చుట్టూ మూగారు. ఒకడు గీతలు చూపించాడు, ఒకడు గుంజ చూపించాడు, అందరూ ఒక్కసారే చెప్పారు. సారవ్వ దూరం నుంచే కేక వేసింది, "ఇగ కాలనీల ఎవ్వడు మిగలడు పో, అందర్ని ఔటిస్తది!"

అనసూర్య చెంగు నడుముకు దోపుకుంది. కూతురి మోకాలు వైపు చూడాలని కళ్లు కొట్టుకుంటున్నా ముందు గీత వైపు చూసింది.

"ఒక్కొక్కలు చెప్పుండ్రి," అంది. "వెంబడిచ్చేటోడు కూసున్నోళ్ల నడుమకెళ్లి దూరితె ఏమైతది?"

"ఫౌలు!" సంతోషి అందరికన్నా గట్టిగా అరిచింది.