బ్లూబెర్రీల కోటు

గర్భపరీక్ష పుల్ల మీద రెండో గీత కనిపించినప్పుడు ఎమెట్ పళ్ళు తోముకుంటున్నాడు. నోటి నిండా నురగతోనే నన్ను ముద్దు పెట్టుకున్నాడు. మా పెళ్ళయి మూడు నెలలు. అమెరికా ఉత్తరాన ఉన్న మా డులూత్‌లో ఆ పొద్దున సరస్సు మీంచి మంచుగాలి కొడుతోంది. కారులో హీటర్ పనిచేయడం లేదు. అయినా ఆసుపత్రి దాకా నవ్వుకుంటూనే వెళ్ళాను.

గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టాలు పంపి అడ్డంకులు తీసే గదిలో నేను నర్సును. ఎక్స్‌రే వెలుగుతున్నంతసేపూ రోగి పక్కనే నిలబడతాం. ఆ కిరణాలు తగలకుండా మాకు అడ్డుగోడ ఒంటి మీది సీసపు కోటే. నా కోటు మీద బ్లూబెర్రీల బొమ్మలుంటాయి. పెళ్ళికి మా గదివాళ్ళంతా కలిసి ఇచ్చిన కానుక అది. ఇంకెవరూ వేసుకుపోకుండా రోజూ పని కాగానే మడతపెట్టి అలమరలో దాచుకునేదాన్ని.

సంగతి మొదట లోర్నాకే చెప్పాను. ఎక్స్‌రే యంత్రం నడిపేది ఆవిడే. ఏళ్ళ తరబడి ఈ కిరణాల మధ్యే పనిచేసి, కిందటేడు ఎడమ కంటికి శుక్లం తీయించుకుంది.

“అంత తొందరేమొచ్చిందే పెళ్ళికూతురా? మీ ఆయన్ని ముందు గిన్నెలు తోమడం నేర్చుకోనివ్వాల్సింది.”

“అదీ నేర్చుకున్నాడక్కా.”

“అబ్బో. సరే, నీ కోటు పట్రా. ఇక నుంచి అది ఇద్దరికి కాపలా కాయాలి, ఓసారి చూద్దాం.”

అలమరలోంచి తెచ్చి మడతలు విప్పాను. లోర్నా నవ్వు ఆగిపోయింది.

“మడతపెడుతున్నావా దీన్ని?”

“ఎవరైనా పట్టుకుపోతారని.”

“సీసం దుప్పటి కాదే పిల్లా. మడిస్తే లోపల పగులుతుంది.”

ఖాళీగా ఉన్న పక్క గదిలో కోటును బల్ల మీద పరిచి ఎక్స్‌రే వేసింది. తెర మీద కోటంతా నల్లగా ఉంది. నడిమధ్య అడ్డంగా ఒక తెల్లటి పగులు, నిలువుగా ఇంకొకటి. రెండూ కలిసింది సరిగ్గా నా పొత్తికడుపు దగ్గర.

“ఎంత తగిలి ఉంటుందక్కా?”

“రేడియేషన్ కొలిచే బిళ్ళ ఎక్కడ పెట్టుకుంటావ్?”

“మెడ దగ్గర. కోటు పైన.”

“ఇంక కడుపు సంగతి దానికేం తెలుస్తుంది?” అంది, నా వైపు చూడకుండా.

డాక్టర్ హాల్వర్సన్ తలుపు తీశాడు. “రోగి బల్ల మీదున్నాడు. రండి.”

“ఈ పిల్ల రాదు. ఇంకొకర్ని పిలవండి,” అని లోర్నా తెర చూపించింది.

“కోటు నిన్నటిదాకా బాగానే ఉందిగా?”

“నిన్నటిదాకా మనం చూడలేదు.”

 ఆయన కుర్చీ వీపు మీద మడతపడి వేలాడుతున్న తన సీసపు కోటు తీసి తొడుక్కుని రోగి ఉన్న గదిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎమెట్ ఇక్కడి సరస్సుల్లో పండే అడవిబియ్యంతో సూప్ కాచి ఉంచాడు. నా గిన్నె పక్కన బొటనవేలంత ఉన్ని మేజోళ్ళ జత, ఒకదానిలో ఒకటి మడిచి పెట్టి ఉంది. వాటిని అరచేతిలో పెట్టుకునే అంతా చెప్పాను.

“మడత వల్లా?”

“మడత వల్లే.”

అతను నా చేతిలోంచి మేజోళ్ళు తీసుకుని, విడదీసి, బల్ల మీద చదునుగా పరిచాడు. సూప్ చల్లారిపోయింది.

“రేపు పొద్దున రేడియేషన్ లెక్క కట్టే ఆయన రమ్మన్నాడు,” అన్నాను. “ఈ మధ్య ఎన్ని కేసుల్లో, ఎక్కడ నిలబడ్డానో చెబితే లోపలికి ఎంత పోయి ఉంటుందో చెబుతాడట. నువ్వూ రా. కారు నువ్వే నడుపు.”