లోరెటా చెప్పినట్టే

వెండెల్ ప్రూయిట్ ఆ ఉదయం ఆరో కారు వివరాలు టైపు చేస్తున్నాడు, రెండు వేళ్లతోనే. ఒహాయోలోని ఆ కార్ల డీలరు దగ్గర సర్వీస్ కౌంటర్ వెనక ఇరవై ఆరేళ్లుగా అతని పని అదే. కారుకేమైందో కస్టమర్ చెబుతాడు, వెండెల్ కాగితం మీద పెడతాడు, మెకానిక్ ఆ కాగితం చూసి పనిచేస్తాడు. లావుపాటి మనిషి. చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర బిగిసి ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, దాని కోసం బల్లంతా వెతుక్కుంటాడు.

ఎదురుగా తాళంచెవి ఠపీమని పడింది.

"మళ్లీ ఆగిపోయింది" అంది లోరెటా హేజ్. "నాలుగోసారి. ఈసారి కంకర లారీ ముందు."

లోరెటా పల్లె దారుల్లో టపా పంచుతుంది, సొంత కారులోనే. అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు; ఆమె మాత్రం కుడి సీట్లో కూర్చుని, ఎడమ కాలు చాచి బ్రేకు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని, కిటికీలోంచి రోజుకు ఐదు వందల డబ్బాల్లో ఉత్తరాలు వేస్తుంది. అందులో ఒకటి వెండెల్ ఇంటిది. ఈ కారు కొత్తగా కొని గురువారానికి ఏడాది. ఇవాళ మంగళవారం.

"మావాళ్లు చూస్తారు. అంతదాకా కాఫీ తాగు."

"మీ కాఫీ కూడా మీ కారు లాంటిదే. సగంలో చల్లారిపోతుంది."

అతను నవ్వబోయి మానుకున్నాడు.

"నిన్న లాయరు దగ్గరికెళ్లాను. మొదటి ఏడాదిలో ఒకే లోపానికి మూడుసార్లు తెచ్చినా బాగుచేయలేకపోతే కంపెనీ కారు వెనక్కి తీసుకోవాలట. నా కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. మూడింటిలో మూడు రోగాలున్నాయట. పెట్రోలు వాసనని నీకెప్పుడు చెప్పాను, వెండెల్?"

చెప్పలేదు. ప్రతిసారీ ఆమె చెప్పింది ఒకటే: నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోతోంది. అతను మొదటిసారి 'ఇంజను వణుకు' అని రాశాడు. రెండోసారి 'బ్యాటరీ బలహీనం'. మూడోసారి 'పెట్రోలు వాసన'. మేనేజర్ బ్రాడ్ పెట్టిన పద్ధతి అది. ఒకే ఫిర్యాదు రెండోసారి కాగితం ఎక్కకూడదు.

"చదివి సంతకం పెట్టాల్సింది" అన్నాడు. అన్నాక తన మీద తనకే ఒళ్లు మండింది.

"నువ్వు రాశావు కదా అని పెట్టాను."

ఆమె వెళ్లి బెంచీ మీద కూర్చుంది. బూట్లకంటిన మంచు, రోడ్డు మీద చల్లిన ఉప్పుతో సహా కరిగి నేల మీద మడుగు కట్టింది. వెండెల్ ఆ వైపు చూడకుండా మరో తొమ్మిది కార్లు రాశాడు. బొలోనా మాంసం పెట్టిన శాండ్‌విచ్ నిలబడే తిన్నాడు. రెండింటికి మెకానిక్ చీటీ వచ్చింది. 'లోపం కనబడలేదు.' ఎప్పటి మాటే.

బ్రాడ్ భుజం మీంచి తొంగిచూశాడు. "టపా ఆవిడేగా? గేరు ఆలస్యం అని కొట్టు. గురువారం దాటితే పీడ విరగడవుతుంది."

"గేరు బాగానే ఉంది."

"నువ్వెప్పుడు మెకానిక్‌వయ్యావు?"

బ్రాడ్ ఫోను మోగితే తన గదిలోకి వెళ్లాడు. వెండెల్ 'గేరు ఆలస్యం' అని కొట్టాడు. ఆ రెండు మాటలూ కాసేపు చూశాడు. చెరిపేశాడు. మళ్లీ రెండు వేళ్లూ కదిలాయి.

'నడుస్తూ ఇంజను ఆగిపోతోంది. కిందటి మూడుసార్లూ కస్టమర్ చెప్పింది ఇదే. మాటలు మార్చి రాసింది నేను. వెండెల్ ప్రూయిట్.'

రెండు ప్రతులు తీసి ఒకటి ఆమె ముందు పెట్టాడు. "ఈసారి చదివి పెట్టు."

లోరెటా చదివింది. మళ్లీ మొదటినుంచి, పెదాలు కదుపుతూ చదివింది.

"నిన్ను పనిలో ఉంచుతారా?"

"ముందు ఇది ఇప్పుడే లాయరుకు చేర్చు. నీ కారులో మాత్రం వెళ్లకు."

"అంత పిచ్చిదాన్ని కాదులే. అక్కను పిలుస్తాను."

సంతకం పెట్టి కాగితం కోటు లోపలి జేబులో దోపుకుంది. థాంక్స్ చెప్పలేదు. అతను ఎదురు చూడనూ లేదు.

నాలుగింటికి లాయరు ఆఫీసు నుంచి బ్రాడ్‌కి ఫోను వచ్చింది. పావుగంట తర్వాత బ్రాడ్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. అరవలేదు.

"కారు వెనక్కి తీసుకోవాల్సిందే అంటున్నారు. రేపట్నుంచి నువ్వు రావద్దు. ఇరవై ఆరేళ్లు, వెండెల్."

"ఎన్నేళ్లో నాకు తెలుసు."

చేతిలో ఉన్న కారు వివరాలు పూర్తిచేసి, కస్టమర్‌కి చదివి వినిపించి, కాగితం ఇచ్చి, వెండెల్ కోటు తొడుక్కున్నాడు. పక్క కౌంటర్లో ఎవరూ తలెత్తలేదు.

ఆరింటికి దీపాలు ఆర్పేశారు. అతని కుర్చీలో, నడుం నొప్పికని భార్య కుట్టిచ్చిన గళ్ల దిండు, మధ్యలో లోతుగా గుంటపడి అలాగే ఉంది.