సుంకులమ్మ పలుకని మాట

వైశాఖమాసపు మధ్యాహ్నము మెల్లగా వాలుచుండెను. ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై సగము తొలువబడిన నల్లకొండ జమ్మలమడుగు సీమ నడుమ మోకాళ్లూనిన ముదుసలి యేనుగువలె గానవచ్చుచుండ దాని యొడిలోని కంకరగనియందు సమ్మెటల చప్పుళ్లొక్కటొక్కటిగా సద్దుమణగుచుండెను. మందు పేల్చు వేళ యగుటచే గంకర గొట్టు స్త్రీలు గంపలు బోర్లించి పసిబిడ్డల జంకనెత్తుకొని రాతిగోడ మరుగునకు నడచుచుండిరి.

ఆ గనిలో నొక్క యాచారము గలదు. మందు మేస్త్రి వత్తి చెంత బీడీ వెలిగించుకొని నిలిచి "మందో!" యని కేకవేయును. స్త్రీలలో గట్టకడపట గోడ మరుగు జేరిన యామె వెనుక నెవ్వరును మిగులలేదని కన్నులార జూచి "తొలిగినాం!" అని బదులు పలుకవలెను. ఆ బదులు వినక వత్తి కంటించిన మేస్త్రి యా గనిలో బుట్టలేదు. కేకవేయువాడు మద్దిలేటి. బదులు పలుకునది యతని భార్య సుంకులమ్మ.

గడచిన వానకాలమున నొకనాడు వత్తి యనుకొన్నదానికంటె వడిగా గాలిపోయి మద్దిలేటి మరుగు జేరకమునుపే కొండ పేలెను. ఆ తాకున నతడెగిరిపడి కొంతతడవు తెలివిదప్పియుండెను గాని లేచిన పిమ్మట జూడ నొడలిపై గోటిగాటైన లేదు. రాయి తగులనివానికి దెబ్బయే లేదని నమ్ము గనివారు కొండదేవరకు గోడిని గోసి మరునాడే యతని చేతికి మరల బీడీ నిచ్చిరి. వైద్యుని తలంపెవ్వరికిని రాలేదు.

కొన్ని నెలలు గడచిన వెనుక సుంకులమ్మ యొక వింతను గనిపెట్టెను. మద్దిలేటి యన్నము దినుచు దినుచు హఠాత్తుగా నాగి ముక్కుపుటము లెగురవేసి "మందు వాసన వస్తాంది" అనును. పిమ్మట నతని కుడిచేతి వ్రేళ్లు తమంత దామే యొండొంటి నొరసికొనుచుండ జూపు శూన్యమున నిలిచిపోవును. మరుక్షణమున నేమియు నెరుగనివానివలె ముద్ద నెత్తుకొనును. పేలుడు లేనినాడు వాసన యెక్కడిది? వ్రేళ్ల కా పని జెప్పినదెవరు? భయముకంటె ముందు గుతూహల మామెను బట్టి యూపెను. ఒకమారతడట్లు నిలిచిపోయిన తరి "మన మేక ఈనింది" అని చెవిలో బలికి యతడు తెలివొందినంతనే యడిగెను.

"ఇప్పుడు నేనేమంటి?"

"ఏమంటివి? ఏమీ అనలా."

"మేక సంగతి చెప్పలా?"

"మేకకేమొచ్చిందే నీకు పిచ్చి గాకపోతే!"

అప్పుడు భయము గలిగెను. "వత్తికాడ నీకట్లయితే ఎట్ల? ఆ పని తిరుపాలుకియ్యి" అని యామె బ్రతిమాలెను. తిరుపాలు మేస్త్రికి జేదోడు. మద్దిలేటి పకపక నవ్వి "బీడీ పట్టిన చేత్తో గంప మోయమంటావా? నువ్వు అరిస్తే నేనంటిస్తా. మన కాపురమట్లే నడిచింది" అనెను.

నేడును "మందో!" యను కేక కొండ కొండకు దాకి మరలివచ్చెను. గోడ మరుగు జేరిన సుంకులమ్మ బదులు పలుక నోరు దెరచి దూరమున మగని కుడిచేయి జూచెను. వ్రేళ్లొండొంటి నొరసికొనుచుండెను. తెరచిన నోరు మూసికొనెను.

"అరవ్వేమే?" అని ముసలి రామక్క యామెను మోచేత బొడిచెను. "నాలిక ఇంట్లో పెట్టొస్తివా?"

"అరవను. అరిస్తే అంటిస్తాడు."

"మందో!" మరల వినబడెను. ఆ గొంతులో గోపము గలదు. సుంకులమ్మ పెదవి కరచుకొనెను. బదులు లేక వత్తి నంటింపరాక మద్దిలేటి నిలిచియుండెను. మూడవ కేక సగమున దెగిపోయెను. బీడీ బండపై రాలెను. అతడు నరకిన మానువలె వెనుకకు గూలి కాలు సేతులు గొట్టుకొనసాగెను.

అందరును బరుగెత్తిరి. ఇనుము పట్టించినచో మూర్ఛ దిగునని రామక్క గడ్డపారను దెచ్చి యతని పిడికిట నుంచగా నా కొట్టుకొనుటలో నదియే యతని నొసలు చీల్చెను. తిరుపాలు ట్రాక్టరు నెక్కించి వారిని బట్టణపు టాసుపత్రికి గొనిపోయెను.

"ఈ గాయం మూర్ఛలో పడి తగిలిందా?" అని వైద్యు డడిగెను.

"కాదు సార్, మేం ఇనుమిచ్చినాం" అని సుంకులమ్మ తలవంచెను.

"ఇంకెప్పుడూ చేతిలో నోట్లో ఏమీ పెట్టొద్దమ్మా. పక్కకు పొర్లించి, దగ్గరే కూర్చోండి." పిమ్మట నామె చెప్పిన వాసన కథయు వ్రేళ్ల కథయు మేక కథయు నతడు కలము నిలిపి వినెను.

"ఆ వాసన యాడనుంచి వస్తాది సార్?"

"ముక్కునుంచి కాదు, మెదడునుంచే. పేలినప్పుడు రాయి తగలకపోయినా ఆ గాలి అదురు తగిలింది. కుండ పగలకుండానే లోపల పెరుగు చెదిరినట్టు. అందరికీ ఫిట్స్ రావు, కానీ వచ్చే ప్రమాదం ఏళ్ల తర్వాతైనా ఉంటుంది. ఆ రెప్పపాటు ఆగిపోవడాలు కూడా ఫిట్సే. మాత్రలు మానొద్దు. నిప్పు, ఎత్తు, బావిగట్టు దగ్గరికి పోనీయొద్దు."

మద్దిలేటి చాలసేపు తన కుడిచేతిని బరులదానివలె జూచికొని "అయితే మేక ఈనిందా?" అని మెల్లగా నడిగెను.

"ఇంకా ఈనలా" అని యామె కన్నీరు దుడుచుకొని నవ్వెను.

వానలు వెనుకబట్టిన యొక సాయంతనమున గనిలో బీడీ తిరుపాలుచేత నుండెను. మద్దిలేటి స్త్రీల వరుసలో గూర్చుండి కంకర గొట్టుచుండ "రా అల్లుడా, గాజులు తొడిగిస్తా" యని రామక్క యెకసక్కెమాడెను. "నీకు పెట్టినంక మిగిల్తే చూద్దాంలే అత్తా" అని యతడును బదులిచ్చెను. మందు వేళ కట్టకడపట గోడ మరుగు జేరినవా డతడే. కొమ్మకు వ్రేలాడు గుడ్డయుయ్యాల ఖాళీయేనా యని మరలిపోయి తడవిచూచి వచ్చెను.

"మందో!"

అతడు భార్యవైపు జూచెను. ఆమె యతనివైపు జూచెను. ఏ యొక్క మాట నాడు పలుకకుండుటచే నతని బ్రతికించుకొనెనో యా మాటను నేడామె యతనికే విడిచిపెట్టెను.

"తొలిగినాం!"

కొండ యదరెను. ధూళి యాకసమున కెగసి కెంపువన్నె దాల్చెను. అలవాటుచొప్పున సుంకులమ్మ చూపు మగని వ్రేళ్లపై బడెను. అవి కదలక యామె గంపయంచును బట్టుకొనియుండెను. చాలనాళ్లకు నామె తలయెత్తి యా ధూళి నెమ్మదిగా నేలకు దిగివచ్చుట జూచుచు నిలిచెను.