అటక మీద అయిదు డబ్బాలు

"మాత్రలు ఎప్పుడు ఆపేశారు?" అని హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, "ఆపలేదు సార్, రోజూ ఫోన్ చేసి కనుక్కుంటాను" అని గట్టిగానే చెప్పాను. నాకు కోపం కూడా వచ్చింది. నాయన మందుల విషయంలో నాకెవరూ వంక పెట్టలేరనే పొగరు నాది.

ఉగాది అయ్యాక నాయన గుండెలో స్టెంట్ వేశారు. రక్తం పలచబడే మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదనీ, మానితే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుందనీ అప్పుడే చెప్పి పంపారు. నాయన దాసప్ప పెనుకొండ దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాసే మనిషి, చదువు రాదు. నేనేమో హిందూపురంలో గార్మెంట్స్‌లో పని చేస్తూ ఇక్కడే ఉంటాను. అందుకని రోజుకో మూత చొప్పున ఏడేసి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు అయిదు కొన్నాను. నెలకోసారి ఊరికి పోయి, అన్నీ నింపి వచ్చేదాన్ని.

అంతటితో ఊరుకుంటే నేను కళావతిని ఎందుకవుతాను! మా లైనులో కుట్టే సాయిసుధ చేపనూనె మాత్రలు అమ్మేది. గుండెకు బలమక్కా, కొవ్వు కరుగుతుంది, మందు కాదు కాబట్టి భయం లేదు అంది. డాక్టరు రాయనిది మనకెందుకని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. శ్రావణం రెండు రోజుల్లో వస్తుందనగా ఊరికి పోయి, ఆ పసుపుపచ్చ మాత్రలను ఒక్కో మూత కిందా ఒక్కోటి, డాక్టరు ఇచ్చిన వాటితో కలిపి పెట్టాను. ఖాళీ అయిన సీసా బాగుందని, జీలకర్ర పోసుకోమని అమ్మకిచ్చాను. సీసా మీద ఇంత చేప బొమ్మ.

ఆ తర్వాత రోజూ సాయంత్రం షిఫ్టు దిగగానే ఫోన్ చేసేదాన్ని.

"మాత్రలు యెట్లుండాయి నాయనా?"

"అన్నీ భద్రంగా ఉండాయి పాపా."

ఆ మాటతో నా మనసు కుదుటపడేది.

డాక్టరు లోపలికి పోయాక వరండాలో అమ్మను అడిగాను. "అమ్మా, నాయన రోజూ మాత్రలు ఏసుకుంటాండాడు కదా?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "శ్రావణంలో యెట్లేసుకుంటాడు మే? వాటిల్లో చేప కలిసింది కదా. మాంసం కుండతో పాటే అటక మీద పెట్టినా. ఒక్కటి కూడా పోలే."

"అన్నీనా? డాక్టరు ఇచ్చినవి కూడానా?"

"అన్నీ ఒగే డబ్బాలో తగులుకొని ఉండాయి కదా! యేది యేదో మాకేం తెలుసు?"

"నాకొక మాట చెప్పుంటే పోయేది కదమ్మా!"

"నువ్వు ఆశగా తెచ్చినావు. చెప్తే బిడ్డ నొచ్చుకుంటాదని మీ నాయనే వద్దన్యాడు. నెల దినాలే కదా అన్యాడు."

అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? శ్రావణం వస్తే మా ఇంట్లో ఇల్లంతా కడిగి, మాంసం వండే కుండా గరిటే గుడ్డలో చుట్టి అటక ఎక్కిస్తారు. వాటికి తగిలిన దాన్ని నోట్లో పెట్టుకోరు. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్నే. చిన్నప్పుడు ఆ కుండను అటక మీదికి అందించిందీ నేనే. ఇరవై ఎనిమిది రోజులుగా నాయన గుండెకు ఆసరా లేకుండా పోయిందంటే ఆ పని చేసింది నా చేతులే.

నొప్పి వచ్చిన రోజు కూడా గ్యాసనుకుని సోడా తాగి పడుకున్నాడట. మరుసటి రోజు గాని తీసుకురాలేదు. స్టెంట్ పూర్తిగా మూసుకుపోయింది, గుండె చాలామటుకు పని చేయడం లేదు, బెంగళూరు దాకా ప్రయాణం తట్టుకోలేడు, ఒకటి రెండు రోజులకు మించి చెప్పలేం అన్నాడు డాక్టరు. చేతులు జోడించాను. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అమావాస్య వెళ్లిన మరునాడు ఉదయం నాయన కళ్లు తెరిచాడు. నర్సు మేరీ నన్నొక్కదాన్నే లోపలికి పంపింది.

"ఈ పొద్దు యేం దినం పాపా?"

"అమాస పోయింది నాయనా. పాడ్యమి."

నాయన ముఖం తేటపడింది. మాస్కు లోపల ఆయాసపడుతూనే మాట్లాడాడు. "ఐతే శ్రావణం అయిపోయినట్లే. డబ్బాలు దింపమని మీ అమ్మకు చెప్పు. ఈ పొద్దుట్నుంచి ఏసుకుంటా. నువ్వేం బెంగ పడాకు."

డాక్టరుకు చూపించాలని ఊరి నుంచి తెప్పించిన ఆ అయిదు డబ్బాలూ నా ఒళ్లో సంచిలోనే ఉన్నాయి. మొదటి దాంట్లో, శ్రావణానికి ముందు వేసుకున్న రెండు రోజుల మూతలే ఖాళీ. మేరీ అద్దం అవతలి నుంచి చూసి, నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని చెయ్యి ఊపింది.

"సరే నాయనా, దింపమని చెప్తా" అన్నాను.